చెప్పులు విడిచి పోయింది

పాపాయమ్మ ఇటలీలో ఖల్లివల్లి అయిందని మొదట అన్నది పక్కింట్లో పనిచేసే విజయదుర్గ. కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన యజమానికి, చెప్పకుండా పని వదిలి పారిపోయినవాళ్ళను ఈ అరబ్బు దేశంలో మనవాళ్ళు అలాగే అంటారు. పాపాయమ్మ మామూలుగా పారిపోలేదట. కాళ్ళకున్న చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తిందట. వీధి చివర కారు పెట్టుకుని ఎవరో కాచుకుని ఉన్నాడట. మలయాళీ అని కొందరు, పంజాబీ అని కొందరు. ఇటలీలో పారిపోయినవాళ్ళకు ఉండటానికి కాగితాలు ఇస్తారట, ద్రాక్షతోటల్లో పని దొరుకుతుందట. ఇటలీ గురించి ఇలాంటి మాటలు మేం ముందునుంచీ వింటున్నవే. అందుకని ఈ కథలో ఎవరికీ కొత్తగా ఏమీ తోచలేదు. మనిషి పేరొక్కటే కొత్త.

సాయంత్రానికి ఆ మాట మేముండే ఫుజైరాలో మా ప్రార్థన గుంపు ఆడవాళ్ళందరి ఫోన్లలోకీ వెళ్ళింది. మర్నాటికి ముసఫ్ఫా చేరింది. ముసఫ్ఫాలో, కార్ల సొట్టలు తీసే గ్యారేజీలో, ఆమె భర్త దేవదానం పనిచేస్తాడు.

ఇది 2023 జూలై సంగతి.

పాపాయమ్మది రాజోలు దగ్గర లంక ఊరు. మాది ఆ పక్క ఊరే. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను ఆమెను అత్తా అంటాను. ఈ ఇంటి లోపలి పనికి మేం ముగ్గురం. వంట బాలవ్వది, ఆమె జగిత్యాల వైపు మనిషి. గదులు తుడవడం, ఉతుకులు, ఇస్త్రీ నావి. పాపాయమ్మత్త పని హజ్జాను చూసుకోవడం. ఇక్కడి ఇళ్ళల్లో యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలుస్తాం. హజ్జా మా బాబా తల్లి. ఆమెకు మోకాళ్ళు పనిచేయవు, చెవులు బాగా తగ్గాయి. స్నానం, మందులు, కాళ్ళకు నూనె రాయడం, చక్రాల కుర్చీలో తోట చుట్టూ తిప్పడం, అన్నీ అత్తే చేస్తుంది.

అరబ్బీలో 'ప' లేదు. అందుకని హజ్జా ఆమెను "బాబాయా" అని పిలుస్తుంది. మా ఊళ్ళో అలా పిలిస్తే చిన్నాన్న పలుకుతాడు. మొదట్లో బాలవ్వ దీనికి పడీ పడీ నవ్వేది.

"ఏం బాబాయ్, చాయ్ తాగుతవా?" అని అడిగేది.

"పొయ్యరా అబ్బాయ్," అనేది అత్త, లేని మీసం మెలేస్తూ.

ఆమె కాపురం సంగతి ముందే చెప్పాలి. ఈ కథలో ఆమెకు పోయేదేమైనా ఉంటే అదే. పెళ్ళయిన రెండో ఏట దేవదానం మస్కట్ వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి ఈమె కువైట్‌లో ఉంది. ఈమె సెలవు మీద వచ్చేసరికి అతను ఖతార్‌లో ఉన్నాడు. ఒకసారి హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఒకరు దిగే రోజే ఇంకొకరు ఎక్కారట. అద్దానికి అటూ ఇటూ నిలబడి చేతులు ఊపుకున్నారట. కరోనా తర్వాత ఇద్దరికీ ఒకే దేశంలో పని దొరికింది. ఆమెకు ఫుజైరా, అతనికి ముసఫ్ఫా. మధ్యలో కొండలూ ఎడారీ ఉన్నా, దాటడానికి సముద్రం మాత్రం లేదు.

నెలకో ఆదివారం అతను బస్సులు మారి వస్తాడు. ఇద్దరూ సముద్రపు గట్టు మీద కూర్చుంటారు. ఆమె ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర టిఫిన్ డబ్బాలో తెస్తుంది. ఉప్పెక్కువైందని అతనంటాడు. ముందు తిను, అని ఆమె అంటుంది. ఒక్కదాన్నే బయటికి పంపడం ఇష్టం లేక మామా నన్ను తోడు పంపేది కాబట్టి ఇదంతా నేను చూశాను. వాళ్ళకు కాస్త ఎడంగా కూర్చుని, చమురు కోసం ఆగిన ఓడలను లెక్కపెట్టుకునేదాన్ని.

ఆమె వీసా ఆ సెప్టెంబరుతో అయిపోతుంది. బాబా మళ్ళీ కొట్టిస్తే ఇంకో రెండేళ్ళు ఈ ఆదివారాలు ఉంటాయి. కొట్టించకపోతే ఆమె రాజోలులో, అతను ముసఫ్ఫాలో. మళ్ళీ మొదటికి.

మామా పేరు షహర్బాను. ఆమె పెద్ద కూతురు షమ్మా ఫ్లోరెన్స్‌లో డిజైన్ చదువుతోంది. ఇటలీలో బొమ్మలకూ గుళ్ళకూ పేరుపడ్డ పాత ఊరు అది. జూలైలో కూతుర్ని చూడటానికి మామా బయలుదేరితే, హజ్జా నేనూ వస్తానంది. ఈ వయసులో వద్దమ్మా అన్నాడు బాబా. హజ్జా అన్నం తినడం మానేసింది. చివరికి ఆయన ఒప్పుకున్నాడు గానీ, మా అందరి ముందే మామాతో ఒక మాట అన్నాడు. అమ్మను పనివాళ్ళకు వదిలేసి తిరగొద్దు, నువ్వు ఆమె పక్కనే ఉండాలి అని. మామా సరేనంది. హజ్జా వెళ్తే పాపాయమ్మ వెళ్ళాలి. బాబా పోర్టులో పనుండి ఇక్కడే ఆగాడు.

ప్రయాణం ముందు రోజు విజయదుర్గ గోడ మీంచి తల పెట్టింది.

"ఇటలీ ఎల్తన్నావంట గదా వదినా. ఏ తోటలోనో దిగిపోకు మరి."

"దిగితే నీకు ఫోన్ చేస్తాలే," అంది అత్త. "ఇద్దరం ద్రాక్షపళ్ళు కోసుకుందాం. నీకు నడుం వంగదు గానీ."

వాళ్ళు వెళ్ళిన కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం, ఇంటి ఫోను మోగింది. బాలవ్వ తీసింది. అవతల మామా. గొంతు వణుకుతోందని బాలవ్వ తర్వాత చెప్పింది. బాబాయా మీకేమైనా ఫోన్ చేసిందా అని అడిగింది. లేదంది బాలవ్వ. "నాల్ మౌజూద్, బాబాయా మాఫీ," అని మామా పెట్టేసింది. చెప్పులున్నాయి, పాపాయమ్మ లేదు అని. అక్కడి పెద్ద గుడి, అంటే చర్చి, మెట్ల పక్కన ఆమె చెప్పులు మామాకు కనిపించాయి. మనిషి కనిపించలేదు.

బాలవ్వ గోడ దగ్గరికి వెళ్ళి విజయదుర్గను పిలిచింది. నేను అక్కడే బట్టలు ఆరేస్తున్నాను.

"పాపాయమ్మ గుడి కాడ చెప్పులిడ్సి పోయిందంటనే."

"పోయిందా?"

"ఆ, పోయింది. యాడికి పోయిందో ఎవ్వలికీ ఎర్కలేదంట."

బాలవ్వ ఊళ్ళో పోవడమంటే వెళ్ళడమే. బడికి పోతారు, బజారుకు పోతారు, పెళ్ళికి పోతారు. మా గోదావరి వైపు వెళ్ళేవాళ్ళు వెళ్తారు, పోయేవాళ్ళు వేరు. మనిషి పోయిందంటే చచ్చిపోయిందనుకోవాలి, లేదంటే లేచిపోయిందనుకోవాలి. చచ్చిపోయే మనిషి చెప్పులు విడిచి చావదు కాబట్టి విజయదుర్గ రెండోదే అనుకుంది. గోడ దగ్గర్నుంచి కదలకుండానే ఫోను తీసింది. గుడి ముందు చెప్పులు విడవడం మేమంతా ప్రతి వారం చేసే పనే. ఇటలీ అన్న మాట పక్కన ఉండేసరికి ఆ ముక్క ఎవరికీ తట్టలేదు.

చీకటి పడుతుండగా బాబా మామాకు ఫోన్ చేశాడు. గోడ దాటిన మాటను ఇంటి డ్రైవరు అప్పటికే ఆయన చెవిన వేశాడు. మేం వంటింట్లోంచి విన్నాం. "అమ్మ ఏది?" అన్నాడు ముందు. అవతలి జవాబు విని కొంచెం తగ్గి, "సరే, పడుకోనీ. మధ్యాహ్నం నుంచీ పడుకునే ఉందా? మంచిది," అన్నాడు. తర్వాత పాపాయమ్మ గురించి అడిగాడు. దొరికిందని మామా చెప్పింది. ఇప్పుడే హోటలుకు చేరిందట.

దొరికిందన్న మాట కూడా గోడ దాటింది. దాటేసరికి 'పట్టుబడింది' అయింది.

ఆగస్టు మొదట్లో వాళ్ళు తిరిగొచ్చారు. షమ్మా అక్కడే ఉండిపోయింది. మొదటి రెండు రోజులూ బాలవ్వ, నేను, ఏమీ తెలియనట్టే ఉన్నాం. మూడో రోజు నేను ఇస్త్రీ చేస్తుంటే అత్త వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఊరెలా ఉందని అడిగాను.

"ఇరుకు," అంది. "అంతా రాయే. మన లంకలో మట్టి ఎంతుందో అక్కడ రాయి అంతుంది. గోడల మీద మనుషులు, పైకప్పుల మీద మనుషులు. చూసి చూసి మెడలు పడిపోతాయి."

"ఎవరి బొమ్మలు?"

"ఎవరివేంటి, మరియమ్మవే. ఎక్కడ చూడు ఆవిడే. ఒక గదిలో పదహారేళ్ళ పిల్ల, ఇంకో గదిలో మునసబు గారి పెళ్ళాం. పట్టుబట్టలు, బంగారు అంచులు. పశువుల పాకలో కన్న మనిషికి అంత బంగారం ఎవరు పెట్టారే?"

నాకు నవ్వొచ్చింది.

"నవ్వకు. ఆ గీసినోళ్ళలో చాలామంది పసిపిల్లల్ని ఎత్తుకుని ఎరగరు. మెడ కింద చెయ్యుండదు. ఒక దాంట్లో బాబు జారిపోతన్నాడు. నాకు తెలీకుండానే చెయ్యి చాపేశాను. కాపలావాడు గుడ్లురిమి చూశాడు. ఒక్కదాంట్లో మాత్రం తల్లి చెయ్యి ఎక్కడుండాలో అక్కడుంది. ఆడెవడో ఇంటో పిల్లల్ని ఆడించినోడై ఉంటాడు."

తర్వాత రాతి మనిషి సంగతి చెప్పింది. ఒంటి మీద నూలుపోగు లేకుండా, తాటిచెట్టంత ఎత్తున నిలబడ్డాడట. మామా తల దించుకుని గబగబా ముందుకు నడిచిందట. హజ్జా మాత్రం కుర్చీ ఆపమందట. చాలాసేపు చూసి, "మోకాళ్ళు బాగున్నాయి," అందట.

చెప్పుల సంగతి నేను అడగలేదు. ఆమే ఎత్తింది.

"మామా, షమ్మా కొట్లోకెళ్ళారు. నన్ను గుడి నీడలో ఉండమన్నారు. ఎండ. లోపల చల్లగా ఉంది. మరి చెప్పులతో ఎలా ఎల్తాం? అందరూ బూట్లేసుకునే ఎల్తన్నారు. నాకు కాళ్ళు రాలేదు. మెట్ల పక్కన విడిచి ఎళ్ళాను. బయటికి పంపేది ఇంకో తలుపు. ఆ గుడికి ఎన్ని తలుపులున్నాయో, అన్నీ ఒకేలా ఉన్నాయి. నేను ఒక పక్కన తిరుగుతుంటే మామా ఇంకో పక్కన తిరిగినట్టుంది."

"ఫోను?"

"ఆ ఊరి సిమ్ము షమ్మా దగ్గరే ఉంది. హోటలు దాటితే నా ఫోను ఉత్త అద్దం. ఆ తర్వాత దారి తప్పాను."

"అంతసేపా, అత్తా?"

"అంతసేపే," అంది. బల్ల మీదున్న బాబా తెల్లటి పొడుగు కందూరా చెయ్యి తీసుకుని మడత సరిచేసింది. అది ముందే సరిగ్గా ఉంది.

ఆ వారంలోనే బాబా ఆమెను హాల్లోకి పిలిచాడు. మామా సోఫాలో కూర్చుని ఉంది. నేను టీ కప్పులు తీస్తున్నాను.

ఎక్కడికి వెళ్ళావని అడిగాడు. దారి తప్పాను బాబా, అంది. చెప్పులెందుకు విడిచావు? "కనీసా, బాబా," అంది. చర్చి అని. ఆయన తలూపాడు. ఆ సంగతి ఆయనకు వెంటనే అర్థమైంది, మసీదు ముందు తానూ విడిచేవాడే కదా. కానీ అన్ని గంటలు ఎక్కడున్నావని మళ్ళీ అడిగాడు. దారి తప్పానని మళ్ళీ అదే మాట అంది. ఆయన మామా వైపు చూశాడు. మామా చేతి గాజు తిప్పుకుంటోంది.

మీ పనిమనిషి పారిపోబోతే పట్టుకున్నారట కదా అని ఆయన్ను తమ్ముడింట్లో అడిగారు, పోర్టులో అడిగారు. అమ్మను చూసుకునే మనిషి మీద అలాంటి మాట ఉండకూడదన్నాడు. కోపంగా అనలేదు. వీసా మళ్ళీ కొట్టించను, సెప్టెంబరులో వెళ్ళు, టికెట్ నేను తీస్తాను అన్నాడు.

"ఖలాస్?" అన్నాడు చివర్న, ఇక అయిపోయినట్టేనా అని అడుగుతున్నట్టుగా.

"ఖలాస్, బాబా," అంది పాపాయమ్మత్త.

సాయంత్రం మామా వంటింట్లోకి వచ్చింది. ఆమె వంటింట్లోకి రావడం అరుదు. అత్త చేతిలో ఒక సెంటు సీసా పెట్టి వెళ్ళిపోయింది. అత్త దాన్ని అల్మారాలో బట్టల వెనక పెట్టింది, మూత తీయలేదు.

"గిప్పుడు సెంటెందుకు ఇచ్చిందే?" అంది బాలవ్వ.

"ఊరికెళ్ళేటప్పుడు మంచివాసన రావద్దా?"

"నిన్ను ఎల్లగొట్టుకుంట సెంటిచ్చుడేంది. నాకు సమజ్ కాలే."

"సమజ్ కాకపోతే కూర చూడు, మాడిపోతంది."

ఆ నెలాఖరు ఆదివారం దేవదానం వచ్చాడు. ఎండ దిగాకే గట్టు మీదికి వెళ్ళాం. అయినా రాయి వేడిగానే ఉంది. నేను ఎప్పటిలాగే ఎడంగా కూర్చున్నాను గానీ, గాలి అటునుంచే వీస్తోంది. మాటలన్నీ వినిపించాయి.

"ఇటలీలో పారిపోయేదానివి నాకో మాట చెప్తే నేనూ వచ్చేవాణ్ణి గదా," అన్నాడు డబ్బా మూత తీస్తూ.

"నువ్వొచ్చి ఏం చేస్తావు? ఆ పొట్టేసుకుని పరుగెత్తలేవు."

"గ్యారేజీలో రోజూ అడుగుతున్నారు. మీ ఆవిడ ఇప్పుడు ఏ దేశంలో ఉందిరా అని."

"ఏం చెప్పావు?"

"ఫుజైరాలోనే ఉంది, వంకాయ కూరలో ఉప్పెక్కువేస్తంది అన్నాను."

ఆమె నవ్వలేదు. అతను రెండు ముద్దలు తిని ఆగాడు.

"నిజం చెప్పు, పాపా. నువ్వు దారి తప్పే మనిషివి కాదు. కువైట్‌లో అరబ్బీ ముక్క రాని రోజుల్లోనే ఊరంతా తిరిగొచ్చావు. ఇందులో ఇంకేదో ఉంది."

"ఉంది," అంది ఆమె. "అది నేను చెప్పేది కాదు."

"చెప్తే వీసా కొడతాడా?"

"కొడతాడేమో. ఇంకొకళ్ళ కాపురంలో గొడవౌద్ది. చెప్పొద్దని నా చేతులు పట్టుకుంది, యజమానురాలై ఉండి."

"మరి మన కాపురం?"

ఆమె డబ్బాలో మిగిలిన కూర అతని అన్నం మీద వేసింది. అతను ఉప్పు మాట ఎత్తకుండా తిన్నాడు. బస్సు ఎక్కేముందు ఆమె భుజం మీద పడ్డ దుమ్మేదో దులిపాడు. అక్కడ దుమ్మేమీ నాకు కనిపించలేదు.

టికెట్ వచ్చింది. అత్త సూట్‌కేసు అల్మారా మీంచి దించింది. హజ్జాకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెవులు వినబడని మనిషికి ఏ సంగతైనా అరిచి చెప్పాలి. అందుకని అరవగలిగిన సంగతులే ఆమెకు చెప్తారు.

రోజూ సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక బాబా తల్లి గదిలో కూర్చుని ఖహ్వా, అరబ్బీ కాఫీ, తాగుతాడు. ఎప్పుడూ అత్త పోస్తుంది. ఆ రోజు సూట్‌కేసు సర్దుకుంటోందని నన్ను పంపారు. హజ్జా నన్ను చూసి మొహం చిట్లించింది.

"బాబాయా ఏది?" అంది. వినబడనివాళ్ళు గట్టిగానే మాట్లాడతారు. హజ్జా మాట వంటింటిదాకా వెళ్తుంది.

"ఊరికి వెళ్తోందమ్మా," అన్నాడు బాబా.

"ఎవరి పెళ్ళి?"

"పెళ్ళి కాదు. పంపించేస్తున్నాను."

"ఏంటి?"

"పంపించేస్తున్నాను," అని ఆయన గట్టిగా అన్నాడు. "ఇటలీలో పారిపోయింది కదా."

హజ్జా చేతిలో ఖర్జూరం ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేసింది.

"ఎప్పుడు పారిపోయింది?"

"చెప్పులు వదిలేసిన రోజు."

"ఆ రోజా," అంది హజ్జా. "ఆ రోజు నా కుర్చీ తోసింది ఎవరు మరి?"

నేను చేతిలో ఖహ్వా కూజా పట్టుకుని అలాగే నిలబడ్డాను. హజ్జా తనంతట తనే చెప్పుకుంటూ పోయింది. షహర్బాను, షమ్మా బూట్ల కొట్లోకి దూరారు. మమ్మల్నిద్దర్నీ గుడి నీడలో ఉండమన్నారు. ఎంతకీ రారు. తలుపులోంచి చల్లగాలి వస్తుంటే లోపలికి తొయ్యమన్నాను. బయటికి ఇంకో తలుపులోంచి పంపారు. చూస్తే దీని కాళ్ళకు చెప్పుల్లేవు. రాళ్ళు కాలుతున్నాయి. చెప్పులు వెతకాలి, మామాను వెతకాలి అని ఒకటే గోల.

"నా మేజోళ్ళు తీసిచ్చాను. వేసుకోమన్నాను. యల్లా, సీదా పద, అన్నాను."

"ఎక్కడికమ్మా?"

"బంగారం కొట్లకి. వంతెన మీద వరసగా అన్నీ అవే. వచ్చిన రోజే నీకు చెప్పాను కదా, మన సూక్ బజారు ముందు ఎందుకూ పనికిరావని."

చెప్పావు, నిజమే, అన్నాడు బాబా. షహర్బానుతో వెళ్ళి చూశావనుకున్నాను అన్నాడు.

"ఒక్కటీ కొనలేదు," అంది హజ్జా. "అన్నీ చూశాను. తర్వాత ఐస్‌క్రీమ్ తిన్నాం. తర్వాత నది పక్కన కూర్చున్నాం. ఇది మామా, మామా అంటూనే ఉంది. వెతకనీ, అన్నాను. ఎటు పోదాం అని నన్ను ఎవరైనా అడిగి ఎన్నేళ్ళైంది? ఆ రోజు ప్రతి సందు దగ్గరా ఇదే అడిగింది. కుడికా హజ్జా, ఎడమకా హజ్జా అని."

గుమ్మం దగ్గర మామా నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలీదు. బాబా ఆమెను చూశాడు. ఆమె వెళ్ళిపోలేదు, లోపలికీ రాలేదు. ఆయన చేతిలో ఫిన్జాను కప్పు ఇంకా సగం నిండుగానే ఉంది. ఇక చాలన్నట్టు దాన్ని ఊపి నా చేతికిచ్చాడు.

"బాబాయాను పిలువు," అన్నాడు.

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముగ్గురినీ చూసి, విషయం అర్థమైనట్టు హజ్జా కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడింది.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు బాబా.

"ఎక్కడికి వెళ్ళావని అడిగారు, బాబా. ఎవరితో అని అడగలేదు."

ఆయన లేచి, తల్లి తల మీద ముద్దు పెట్టి, గుమ్మంలో మామాను దాటుకుని బయటికి వెళ్ళాడు. వారం దాకా మామా, బాబా వేరు వేరు వేళల్లో భోంచేశారు. తర్వాత మళ్ళీ కలిసి తిన్నారు. వాళ్ళ మధ్య ఏం జరిగిందో మాకు తెలియదు.

పాపాయమ్మత్త పాస్‌పోర్టు వీసా రద్దుకు వెళ్ళాల్సింది, కొత్త వీసాకు వెళ్ళింది. అది పట్టుకుని వెళ్ళింది డ్రైవరే. టికెట్ డబ్బు కొంత వెనక్కి వచ్చిందట, కొంత రాలేదట. ఆమె సూట్‌కేసు ఖాళీ చేసి అల్మారా పైన పెట్టింది. బాలవ్వ కిందినుంచి పట్టుకుంది.

"మల్ల ఈడ్నే ఉంటవన్నట్టు," అంది బాలవ్వ. "నీ సామాన్లు దించుడు ఎక్కిచ్చుడు నా పానం మీదికొచ్చింది."

"అందుకే ఉన్నాను. నీకు పని చెప్పేవాళ్ళు ఉండాలి గదా."

దేవదానానికి ఆమె ఫోన్ చేసింది. నేను పక్క మంచం మీద ఉన్నాను. ఎక్కువ మాట్లాడలేదు. వచ్చే నెల రొయ్యలు వద్దు, చేపలు తెమ్మన్నాడని మాత్రం నాతో చెప్పింది.

బయట కథ మాత్రం ఆగలేదు. కొత్త సంగతికి తగ్గట్టు కాస్త మారింది. పాపాయమ్మ ఇటలీలో పారిపోయింది, పట్టుకొచ్చారు, కాళ్ళ మీద పడి ఏడిస్తే కఫీల్ క్షమించాడు. ఉమ్ అల్ క్వైన్ నుంచి వచ్చిన ఒకావిడ ప్రార్థనలో దీన్ని సాక్ష్యంలా కూడా చెప్పింది, దేవుడి దయకు ఉదాహరణగా. అత్త వెనక వరసలో కూర్చుని ఆమెన్ అంది.

అక్టోబరులో ఒక రోజు నేను దుప్పట్లు ఆరేస్తుంటే విజయదుర్గ గోడ మీంచి తల పెట్టింది.

"మీ బాబా మంచోడే. ఇంకొకడైతే పారిపోయినదానికి మళ్ళీ వీసా కొడతాడా? చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తిన మనిషికి?"

ఆమె మాటలకు నేను మామూలుగా జవాబివ్వను. క్లిప్పు నోట్లోంచి తీసి దుప్పటికి పెట్టాను.

"ఆ రోజు అత్త ఒక్కతే లేదు," అన్నాను. "చక్రాల కుర్చీలో హజ్జా ఉంది."